పట్టీకి అరచెయ్యి చాలు

ఆ తడిగుడ్డ ఇలా ఇవ్వు పెదనాన్నా. ఇవ్వమంటున్నానా? తోలు కుర్చీని బకెట్టెడు సబ్బునీళ్ళతో తుడిచే మనిషిని నిన్నే చూశాను. ఇదేమైనా గచ్చు అనుకున్నావా, కడిగి ఆరబెట్టడానికి?

నీ కుర్చీయే. కాదన్నదెవరు? ముప్పై నాలుగేళ్ళు నీ చేతులతో తుడిచిన కుర్చీయే. అందుకే సీటు మధ్యలో ఇన్ని పగుళ్ళు. తడి లోపలికి దిగుతుంది, ఆరేటప్పుడు తోలులో ఉన్న కాస్త జిడ్డునీ వెంటబెట్టుకుపోతుంది. అప్పుడు తోలు ఎండిన పెదవిలా అయిపోతుంది. మనిషి కూర్చున్నప్పుడల్లా చిట్లుతుంది.

లే. లేచి అలా బెంచీ మీద కూర్చో. కాసేపు కస్టమరులా పేపరు చూసుకో. ఈ పని అన్నయ్య నాకు చెప్పాడు, నీకు కాదు. "మూడింటికి పాతసామాన్లాయన వ్యాను వస్తుంది, ఈలోపు నాన్న కుర్చీకి కాస్త మెరుపు తెప్పించవే తోలుపిచ్చీ" అని చెప్పి భోజనానికి పైకెళ్ళాడు. పెద్దమ్మ వడ్డిస్తోంది. ఇద్దరూ దిగేసరికి ఇంకో అరగంట పడుతుంది.

షట్టరా? ఊరికే సగం దించాను. ఎండ లోపలికి పడుతోంది కదా. తోలు పని ఎండలో చేయకూడదు.

ముందు పొడి బ్రష్షు. అందరూ తప్పు చేసేది ఇక్కడే. దుమ్ము దులపకుండా తడి తగిలిస్తే ఆ దుమ్మే గరుకు కాగితమై గీకేస్తుంది. ఇదిగో, ఇలా, మెత్తగా, ఒకే వైపుకి. పసిపిల్ల తల దువ్వినట్టు.

అబ్బ, ఈ కుట్టు సందుల్లో చూడు. వెంట్రుకలు. నల్లవి, తెల్లవి, రంగేసుకున్నవి, ఉంగరాలు తిరిగినవి. వీధి మొత్తం ఉంది ఇందులో. సూది మొనతో ఒక్కొక్కటీ లాగాలి. ఈ పొట్టి తెల్లది టైలరు గారిదే అయ్యుంటుంది.

లేదు పెదనాన్నా, ఆయన మాట ఎత్తాలని ఎత్తలేదు. నోటికొచ్చింది.

తరవాత మూల పరీక్ష. ఏ నూనె పెట్టినా, ఏ మైనం రుద్దినా, ముందు కనబడని చోట ఒక్క చుక్క వేసి చూసుకోవాలి. సీటు కిందో, వెనక మడతలోనో. ఒక పగలూ ఒక రాత్రీ ఆగాలి. రంగు మారిందా, మెత్తబడిందా, బిర్రబిగిసిందా చూసుకుని అప్పుడు పైకి రావాలి. నా వీడియోల్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. "ముందు మూలలో చూసుకోండి ఫ్రెండ్స్, తొందరపడొద్దు." పదకొండు వేల మందికి చెప్పాను.

నవ్వకు. పదకొండు వేలంటే తక్కువా? నువ్వు ఇన్నేళ్ళలో అన్ని గడ్డాలు గీసి ఉంటావా?

గీసే ఉంటావులే.

నీ తమ్ముడు నన్ను ఇక్కడ దింపి వెళ్ళిన రోజు నీతో ఏమన్నాడో గుర్తుందా? తండ్రి అన్నాక కూతుర్ని కాస్త దాచుకుని మాట్లాడతాడు ఎవరైనా. మా నాన్న దాచుకోలేదు. "అన్నయ్యా, దీనికి ఒక్కచోట కాలు నిలవదు. డిగ్రీ సగంలో వదిలేసింది, కుట్టుమిషను నెలకే వదిలేసింది, కొవ్వొత్తులు చేస్తానని ఇల్లంతా మైనం చేసింది. నీ దగ్గరుంటే కాస్త కుదురొస్తుందేమో" అన్నాడు. నువ్వేమో కస్టమరు బుగ్గ మీంచి చూపు తిప్పకుండానే, "ఉండనీరా. కుదురుగా ఉండటానికి ఇది కుర్చీనా, మనిషా?" అన్నావు.

ఇప్పుడు ఆ కుర్చీ కూడా ఉండటం లేదు.

తోలు పని ఒక్కటే నేను వదలనిది. దానికి మొదటి గిరాకీ నువ్వే. అన్నయ్య పారేసిన బూట్లు ముందేసుకుని, ఫోనులో చూస్తూ వేళ్ళు పొడుచుకుంటుంటే అందరూ ఎగతాళి చేశారు. పెద్దమ్మయితే, "ఆడపిల్ల చేతులు చూడవే, మేకులు నమిలినట్టున్నాయి" అంది. నువ్వొక్కడివే నీ చిరిగిన పర్సు తెచ్చి నా ముందు పెట్టావు. "కుట్టవే తోలుపిచ్చీ, చూద్దాం" అన్నావు. రెండు సూదుల కుట్టు అని గొప్పలు పోయి, ఏనుగు నడిచిన దారిలా కుట్టాను. ఒక కుట్టు ఇక్కడ, ఒక కుట్టు అక్కడ.

ఇప్పటికీ జేబులో అదేనా?

చూపించకు. వద్దు, చూపించకు పెదనాన్నా. లోపల పెట్టుకో.

కుర్చీ చేతుల మీద చూశావా, ఎంత నల్లబడిందో? ఇది మురికి కాదు. కస్టమర్ల చేతి జిడ్డు, ఏళ్ళ తరబడి తోలు తాగింది. తెలీనివాళ్ళు దీన్ని రుద్ది రుద్ది తీసేస్తారు. తీసేస్తే అక్కడ తోలు బోసిపోతుంది, తెల్లారి పట్టుకుంటే పిండిలా రాలుతుంది. కొన్ని మరకలు తోలుకి ఎముకల్లాంటివి. వాటి మీదే నిలబడి ఉంటుంది. వదిలెయ్యాలి.

ఇది నాకు ఇప్పుడు తెలుసు. నెల కిందట తెలీదు.

ఆ కొక్కెం వైపు ఒకసారి చూడు. అద్దం పక్కన, నువ్వు కత్తికి పదును పెట్టే తోలు పట్టీ వేలాడే కొక్కెం. నువ్వు చూడవు. పదహారు రోజుల నుంచి ఆ పక్క నుంచి నడుస్తావు, తల మాత్రం ఇటు తిప్పుకుంటావు. అది ఖాళీగా ఉందని కూడా నీకు తెలీదు. పట్టీ నా దగ్గరుంది. నేనే తీశాను.

చెప్తాను, ఆగు. నన్ను పని చేసుకోనీ. చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదు.

నేను ఇక్కడికొచ్చిన రెండేళ్ళలో ఒక్కరోజు కూడా అలారం పెట్టుకోలేదు. ఆరుంపావుకి కింద నీ పట్టీ మోగేది. టప్, టప్, టప్. తోలు మీద అటు ముప్పై, ఇటు ముప్పై. దానికి ముందు ఒక చప్పుడుండేది, చెవి పెడితేనే వినబడేది. ఉత్త అరచేత్తో పట్టీని పైనుంచి కిందికి రుద్దేవాడివి. పదిసార్లు. ముందే మెలకువ వచ్చిన రోజుల్లో మెట్ల మీద కూర్చుని అది చూసేదాన్ని. చూస్తే నాకు జాలేసేది. నిజం చెప్తున్నాను. పాపం పెద్దాయన, తోలుకి ఏం కావాలో తెలీదు, నూనె లేదు, మైనం లేదు, ఉత్త చేత్తో రుద్దుతున్నాడు అనుకునేదాన్ని. నీకు ముప్పై నాలుగేళ్ళ అనుభవం, నాకు ఏడాదిన్నర ఫోను. అయినా నాకే జాలేసింది.

అందుకే నువ్వూ పెద్దమ్మా పెళ్ళికని మూడు రోజులు వెళ్ళినప్పుడు పట్టీని కిందికి దించాను. నువ్వొచ్చేసరికి కొత్తదానిలా చేసి ఆశ్చర్యపరుద్దామని. ఫోను స్టాండుకి పెట్టి అంతా తీశాను కూడా. సబ్బు పెట్టి రుద్దితే నల్లటి నీళ్ళు వచ్చాయి. అబ్బో ఎంత మురికో అని కెమెరాకి గిన్నె ఎత్తి చూపించాను. అది నీ అరచెయ్యి పెదనాన్నా. ముప్పై నాలుగేళ్ళ నీ అరచెయ్యి. సింకులో పారబోశాను.

తరవాత నూనె. ఒక్క పూత చాలదనిపించింది. తోలు గటగటా తాగేస్తుంటే దాహంగా ఉంది కాబోలు అనుకున్నాను. రెండో పూత. జుట్టు ఆరబెట్టే మిషను పెట్టి వేడి చేసి మూడోది కూడా ఎక్కించాను. మూల పరీక్ష చేశానా? చేయలేదు. ఒక రోజు ఆగానా? ఆగలేదు. నా చిట్కాలన్నీ వేరేవాళ్ళకి.

మెరిసింది మాత్రం ఏం మెరిసిందని. వీడియో పెట్టిన పూటకే ముప్పై వేల మంది చూశారు. "అక్కా మీ చేతిలో మంత్రం ఉంది" అని రాశారు. ఎవరో తెలీనివాళ్ళు అంతమంది నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు తిండి సయించలేదు ఆ రోజు. సంతోషానికే.

నువ్వొచ్చిన పొద్దున షాపు నిండా జనం. టైలరు గారు ఈ కుర్చీలోనే ఉన్నారు, మెడకి గుడ్డ కట్టుకుని. "ఏవయ్యా, మీ అమ్మాయి నీ పట్టీకి పెళ్ళికూతురి ముస్తాబు చేసింది" అన్నారు. నువ్వు దాన్ని అందుకున్నావు. బొటనవేలితో ఇలా ఒకసారి నొక్కావు. మళ్ళీ ఇంకోచోట నొక్కావు. నేనేమో నచ్చి తడుముతున్నావు అనుకున్నాను. తరవాత అన్నావు, "బాగుందే తల్లీ. పట్టులా ఉంది" అని.

మర్నాడు ఆరుంపావు దాటాక గానీ మెలకువ రాలేదు నాకు. చప్పుడు లేదు. కాదు, ఉంది. టప్ అనలేదు. తడి దుప్పటి బండ మీద వేసినట్టు ఒక ముద్ద చప్పుడు. పక్కలో పడుకునే విన్నాను. కొత్త తోలు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. అనుకున్నానంటే, అలా అనుకుందాం అనుకున్నాను.

మూడో రోజు ఒకాయన నా వీడియో కింద రాశాడు. ఎవరో పెద్దాయనే అయ్యుంటాడు, బొమ్మ లేదు, పేరు సరిగా లేదు. "అమ్మా, కత్తి పట్టీకి నూనె పెట్టకూడదు. తోలు మెత్తబడితే కత్తి కింద వంగుతుంది, అంచు గుండ్రబడుతుంది. దానితో గడ్డం గీస్తే కత్తి లాగుతుంది, తెగుతుంది. పట్టీకి అరచెయ్యి చాలు." అంతే రాశాడు. తిట్టలేదు, వెక్కిరించలేదు.

నేను దాన్ని తీసేశాను.

సాయంత్రానికి మళ్ళీ రాశాడు. "మీ మంచికే చెప్పాను తల్లీ, ఆ పట్టీ వాడేవాళ్ళకైనా చెప్పండి" అని. ఈసారి ఆయన్నే రాకుండా ఆపేశాను. ఫోనులో ఒక బొత్తాం ఉంటుంది దానికి. నొక్కితే మనిషి మాయం.

ఏం చేస్తున్నావు? వద్దు, నువ్వు లేవకు. ఆ వెనక పక్క కుట్టు నేనే చూస్తాను. పెదనాన్నా, కూర్చో.

అంటే నాకు మూడో రోజే తెలుసు. తొమ్మిది రోజులు తెలిసే ఊరుకున్నాను. పొద్దున్నే గుమ్మంలో నిలబడి నువ్వు ఆ పట్టీ మీద కత్తి తిప్పుతుంటే చూసేదాన్ని. ఇవాళ చెప్దాం అనుకునేదాన్ని. నువ్వు నన్ను చూసి నవ్వేవాడివి. రేపు చెప్దాం అనుకునేదాన్ని. చెప్పడమంటే ఏముంది, "పెదనాన్నా, పట్టీ పాడుచేశాను, కొత్తది కొనుక్కో" అంటే అయిపోయేది. గట్టిగా తొమ్మిది మాటలు లేవు. కానీ ఆ వీడియో తీసెయ్యాలి. పదకొండు వేల మందికి తప్పు చెప్పానని చెప్పుకోవాలి. ఇది కూడా సగంలో వదిలేసింది అని నాన్న అంటాడు. ఇంతే పెదనాన్నా. ఇంత చిన్నదానికే.

పన్నెండో రోజు టైలరు గారికి తెగింది.

నేను మెట్ల మీదే ఉన్నాను. దవడ కింద, నువ్వు ఎప్పుడూ వేలితో చర్మం సాగదీసి గీసే చోట. నువ్వు కత్తి ఎత్తేశావు, తువ్వాలు నొక్కావు, అన్నీ సరిగ్గానే చేశావు. తెల్ల తువ్వాలు సగం ఎర్రబడింది. అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. రెండు కుట్లు పడ్డాయి. ఆయన ఎంత మంచివాడంటే, ఆసుపత్రి నుంచి వస్తూ గుమ్మంలో ఆగి, "నలభై ఏళ్ళుగా ఊరందరికీ కుట్లు వేశాను, ఇవాళ నాకు వేశారు. చెయ్యి తిరిగిన పని కాదు, దారం కనబడుతోంది" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. వెలుగుకి పట్టుకుని కత్తి అంచు చూస్తున్నావు.

నేను నీ కత్తిని కాదు, నిన్ను చూస్తున్నాను. ఇప్పుడు పట్టీ వైపు చూస్తాడు, ఇప్పుడు నా వైపు చూస్తాడు అని.

ఇదిగో. ఇది నీ పాత పట్టీ. ముట్టుకో. చల్లగా, జారిపోతూ, చచ్చిన చేపలా లేదూ? ఎక్కువైన నూనె లాగడానికి ఒక పద్ధతి ఉంది. సుద్దపొడి చల్లి, కాగితం చుట్టి, మీద బరువు పెట్టాలి. పొడి పసుపుపచ్చగా మారగానే దులిపి మళ్ళీ కొత్తది చల్లాలి. పద్నాలుగు రోజులు చేశాను, పూటపూటా. మంచం కింద పెట్టుకుని చేశాను. సగం వచ్చింది. మిగతా సగం రాదు. ఎండిపోయిన తోలుని బతికించొచ్చు పెదనాన్నా, పగిలినదాన్ని అతకొచ్చు, బూజు పట్టినదాన్ని తుడవొచ్చు. నూనె ఎక్కువై నీరసించిపోయినదాన్ని మాత్రం ఎవరూ బిగించలేరు. ప్రేమ ఎక్కువై చెడింది అని చెప్పుకోవచ్చు నేను. అది ప్రేమ కూడా కాదు. మెరుపు మీద మోజు.

ఇది కొత్తది. దళసరి తోలు వెతికి తెచ్చాను. నూనె చుక్క తగలలేదు దీనికి. నీ పాతదాని ఇనప కడియాలే ఊడదీసి దీనికి కుట్టాను. చూడు, కుట్టు వంకర లేదు. తెచ్చిన రోజు నుంచీ అరచేత్తో రుద్దుతున్నాను. పది కాదు, రోజుకి వంద. ఇక్కడ బొబ్బ లేచింది, అది చితికింది, మళ్ళీ రుద్దాను. ఇంకా నీ చెయ్యి చప్పుడు రాలేదు కానీ, వస్తుంది. లాగి పట్టుకుంటే కర్రలా నిలబడుతోంది. పట్టుకో.

పట్టుకోవేం?

వ్యాను మూడింటికి కదా. ఇప్పుడు రెండుంపావు. అన్నయ్యకి నేను చెప్తాను. అందరి ముందూ చెప్తాను, కుర్చీ అమ్మొద్దని చెప్తాను. తనకీ ఏమీ కసి లేదు, ఆ రెండు కొత్త కుర్చీల్లో మార్చేసే బ్లేళ్ళతో పని నడుస్తోంది కాబట్టి ఇది అడ్డం అనుకుంటున్నాడు. నీ కుర్చీ నీదే. నీ కత్తి నీదే. చెయ్యి పోయిందని నువ్వు అనుకున్నావు. చెయ్యి పోలేదు. నా నూనె. అర్థమైందా? నేను చేసిన పని అది.

ఏంటి?

ఏమన్నావు?

మొదటి రోజే తెలుసా?

బొటనవేలితో నొక్కగానే. అవును కదా, నీకు తెలియకుండా ఎలా ఉంటుంది. నేనెంత బుద్ధి తక్కువదాన్ని కాకపోతే. మరి ఎందుకు అనలేదు? ఆ పూటే నా మొహాన కొట్టి, "ఎవరు ముట్టుకోమన్నారే" అంటే సరిపోయేది కదా.

నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే మనసొప్పలేదా.

అలా అనకు పెదనాన్నా. నువ్వు నా ముచ్చట కోసం ఆ పట్టీ తిప్పుతున్నావు. నేను నువ్వు కనిపెడతావేమోనని గుమ్మంలో కాపలా ఉన్నాను. నువ్వు దాన్ని ముచ్చట అనుకున్నావు.

తోలుది కాక, ఆ ముతక గుడ్డ పట్టీ మీద కూడా ఎక్కువ తిప్పి కత్తి సరిచేసుకునేవాడివా? ఆ ముప్పై కాక ఇంకో యాభై. అందుకేనా ఆ రోజుల్లో షాపు తెరవడం ఆలస్యమయ్యేది. పెద్దమ్మ, "ఈయనకి ఒళ్ళు బరువెక్కింది" అంటుంటే నవ్వి ఊరుకునేవాడివి.

సరే. అంటే పట్టీ తప్పు కాదంటావు. మెత్తటి పట్టీతో కూడా మంచి చెయ్యి గడ్డం గీస్తుందంటావు. పదకొండు రోజులు గీశానుగా అంటావు. పన్నెండో రోజు తెగిందంటే చెయ్యిదే అంటావు.

కాదు పెదనాన్నా.

నన్ను ఓదార్చకు. దగ్గరికి రాకు, నా చేతులకి దుమ్ము ఉంది. తల మీద చెయ్యి వెయ్యొద్దు. వద్దంటున్నాను.

ఏ గ్లాసు?

అవును. నేనే చెప్పాను.

టైలరు గారికి తెగిన రోజు సాయంత్రం. అన్నయ్య ఆ మూల నిలబడి, "నాన్నకి చెయ్యి వణుకుతోందేమో, ఇంకోసారి మెడ మీద తెగితే ఏం చేస్తాం" అన్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు, "నా చెయ్యి నాకు తెలీదా, వణకలేదు" అన్నావు. మళ్ళీ నీకే అనుమానం వచ్చింది కాబోలు, నా వైపు తిరిగావు. "ఇది రోజూ చేతుల వైపే చూస్తుంటుంది. తోలుపిచ్చి కదా, చేతిపని కనిపెడుతుంది. నువ్వు చెప్పవే, నా చెయ్యి వణకడం ఎప్పుడైనా చూశావా?" అన్నావు.

ముగ్గురూ నా వైపు చూశారు. నీ చెయ్యి కాకపోతే ఇంకేమిటి అని అడుగుతారు. కత్తి తీసి చూస్తారు. పట్టీ తీసి చూస్తారు. నాకు ఒక్క క్షణం పట్టింది. "మొన్న మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నప్పుడు, కొంచెం" అన్నాను.

కొంచెం అన్నాను. అబద్ధానికి కూడా కొలత వేశాను, నమ్మేట్టుగా.

నువ్వు నీ చేతిని ఒళ్ళో పెట్టుకున్నావు. కత్తి మడిచి డబ్బాలో వేశావు. అంతే, మళ్ళీ తీయలేదు. మర్నాటి నుంచి గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నావు. పెద్దమ్మ సగమే పోస్తోంది. అద్దం లేకుండా తన గడ్డం తానే గీసుకునే మనిషివి, కొడుకు ముందు మెడ ఎత్తి కూర్చుంటున్నావు, కళ్ళు మూసుకుని. నేను మెట్ల మీద నుంచి అదీ చూశాను. చూస్తూనే ఉన్నాను. చూడటం ఒక్కటే బాగా వచ్చు నాకు.

పట్టీ సంగతి చెప్పేస్తే బరువు దిగిపోతుంది, నువ్వు తిడతావు, కుర్చీ ఆగిపోతుంది, ఇది చెప్పే అవసరం రాదు అనుకుని వచ్చాను. ఇప్పుడు కూడా మూలలో చూసుకుందామనే వచ్చాను పెదనాన్నా. నువ్వేమో పట్టీని ఊదిపారేశావు. పాడుచేసిన నన్ను వదిలేశావు. నా మాట ఒక్కటి పట్టుకుని కూర్చున్నావు.

ఏ గ్లాసు అని నువ్వు ఎప్పుడూ అడగలేదు. స్టీలుదా, గాజుదా, ఏ పూట, ఎక్కడ కూర్చుని తాగుతుంటే చూశావే అని ఒక్కమాట అడిగినా ఆ రోజే దొరికిపోయేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నావా, ఏ రోజు అని?

ఏ రోజూ కాదు.

గ్లాసు లేదు పెదనాన్నా. నీళ్ళు లేవు. నేనేమీ చూడలేదు. నీ చెయ్యి వణకలేదు. ఇప్పుడు వణుకుతోందంటే అది నీది కాదు, నేను పెట్టిన వణుకు.

వ్యాను హారను అది. వచ్చేశాడు, ముందే వచ్చేశాడు.

అలా చెయ్యి చాపి వేళ్ళు చూసుకోకు. దాన్ని కాదు పెదనాన్నా. ఇటు చూడు. నన్ను చూడు.